ఆరో నంబరు కార్డు

పిల్లలకు ప్రభుత్వం గురించి పాఠం చెప్పడానికి తాళాలు కావలసి వచ్చాయి.

గురువారం మధ్యాహ్నం ఆఖరి బస్సు వెళ్ళిపోయాక మిస్ బ్రాంట్ బాయిలర్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎనిమిదో తరగతికి పౌరశాస్త్రం చెప్పే పిల్ల. ఒహాయో నుంచి వచ్చి రెండేళ్ళయినా ఇప్పటికీ మిసిసిపీ ఎండకి ముక్కు కమిలిపోతూనే ఉంటుంది.

"మిస్టర్ టాలివర్, మీ దగ్గర అంకెల తాళాలు ఏమైనా ఉంటాయా? నాలుగు చాలు."

"నాలుగేం ఖర్మ, నలభై ఉన్నాయి. అన్నీ పిల్లలు లాకర్లకి వేసి, అంకెలు మరిచిపోయి నా నెత్తిన పడేసినవే. కొత్త అంకెలు పెట్టుకోవచ్చు. దేనికమ్మా?"

"పిల్లల్ని గదిలో పెట్టి తాళం వేస్తాను."

"మంచి పని. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేనూ అదే చెబుతున్నా. వినేవాడేడీ?"

ఆమె నవ్వి సంగతి చెప్పింది. అదొక ఆట. తప్పించుకునే ఆట. ప్రశ్నలకి జవాబులు పట్టుకుంటే అంకెలొస్తాయి, అంకెలతో తాళాలు తెరవాలి, నాలుగూ తెరిస్తే పెట్టెలో బహుమతి. జట్టుకి గడువు పదిహేను నిమిషాలు. పుస్తకం తియ్యమంటే ఆవలించే పిల్లలు తాళం కనపడితే మాత్రం ఎగబడతారు. మంగళవారం ఎన్నికలు గనక ఆలోగా, అంటే రేపే, ఆడించెయ్యాలని ఆమె పట్టుదల.

బడి ఊడ్చి, మరమ్మతులు చూసే హోజియా టాలివర్ గోడకున్న మేకు మీంచి ఆరు కన్నాల ఇనుప కొక్కెం ఒకటి తీశాడు. కరెంటు పని చేసేటప్పుడు మెయిన్‌కి తగిలించేది అది. పనిలో దిగిన ప్రతివాడూ తన తాళం ఒకటి దానికి వేస్తాడు. అందరూ బయటికొచ్చి ఎవరి తాళం వాళ్ళు తీసుకుంటే తప్ప కరెంటు రాదు. దాన్ని ఆమె తరగతి గదిలోని చెక్కపెట్టె గడియకి బిగించి, నాలుగు తాళాలూ తగిలించి, ఒక్కొక్కదాన్నీ లాగి చూశాడు. మూడోది బిగుసుకుంటే ఒక చుక్క నూనె వేశాడు.

"ఇప్పుడు మీరే ఆడి చూడండి. ఎక్కడైనా తప్పుంటే తెలుస్తుంది," అంది మిస్ బ్రాంట్.

"నేను పదో తరగతి దాటలేదమ్మా."

"ఆట ఎనిమిదో తరగతిదేగా."

సరే కదా అని చీపురు గోడకి ఆనించి పిల్లల కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ళు బల్లకి తగిలాయి. మొదటి తాళం దిగువ సభలో ఎంతమంది సభ్యులని. నాలుగు వందల ముప్పై ఐదు, ముందు ఒక సున్నా. వార్తలు చూసేవాడికి అదో లెక్క కాదు. రెండోది ఆడవాళ్ళకి ఓటొచ్చిన సంవత్సరం. పందొమ్మిది వందల ఇరవై. మూడోది ఒక పాత పరీక్ష కాగితం. ఓటరుగా పేరు రాయించుకోవాలని వచ్చిన నల్లవాళ్ళని కచేరీలో అడిగేవారట: ఒక సబ్బుబిళ్ళలో ఎన్ని బుడగలుంటాయి? దానికి జవాబు లేదు. ఆ పరీక్షల్ని ఆపిన చట్టం ఎప్పుడొచ్చిందో ఆ సంవత్సరమే తాళం అంకె: పందొమ్మిది వందల అరవై ఐదు.

"మా నాన్నని సబ్బు అడగలేదు," అన్నాడు హోజియా అంకెలు తిప్పుతూ. "రాజ్యాంగంలో ఒక ముక్క చదివించి అర్థం చెప్పమన్నారు. చెప్పాడు. గుమాస్తాకే అర్థం కాలేదట. పంపించేశాడు."

నాలుగో తాళానికి ఎనిమిది కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక మనిషి. మన రాష్ట్రంలో వీళ్ళలో ఎవరెవరికి ఓటుంది? ఉన్నవాళ్ళ నంబర్లు వరసగా పేర్చాలి. ఒకటి, పదిహేడేళ్ళ కుర్రవాడు. రెండు, చదవడం రాని తొంభై ఏళ్ళ ముసలమ్మ. మూడు, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా పౌరుడు కానివాడు. నాలుగు, చెల్లని చెక్కులిచ్చి శిక్ష పడ్డ ఆవిడ. ఐదు, ఇల్లు లేక చర్చి మందిరంలో పడుకునేవాడు. ఆరు, పంతొమ్మిదేళ్ళప్పుడు దుకాణం తాళం పగలగొట్టి లోపలికి చొరబడి రెండేళ్ళు జైల్లో ఉండి వచ్చినవాడు. ఏడు, ఒకరుండగా ఇంకొకరిని పెళ్ళాడినవాడు. ఎనిమిది, హత్య కేసులో జైల్లో ఉన్నాడు గానీ విచారణ ఇంకా కానివాడు.

హోజియా ఆరో కార్డు దగ్గర కాసేపు ఆగాడు. దాన్ని బోర్లించి పక్కన పెట్టి మిగతావి చూశాడు. మొత్తం రెండుసార్లు చూశాడు.

"ఇక్కడ మీరు లెక్క తప్పారమ్మా. తాళానికి నాలుగు అంకెలు కావాలి. నాకు మూడే వస్తున్నాయి. పిల్లలు జుట్టు పీక్కుంటారు."

"ఏవేవి వచ్చాయి?"

"రెండు, ఐదు, ఎనిమిది."

"ఆరు వదిలేశారు."

"ఆరు జైలుకి వెళ్ళొచ్చినవాడమ్మా. తాళం పగలగొట్టి దూరినవాడు."

"అవును. అతనికి ఓటుంది."

హోజియా నవ్వాడు. చిన్నపిల్లలు ఎక్కం తప్పు చెబితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "మీరు ఒహాయో వాళ్ళు. అక్కడ ఉంటుందేమో. ఇది మిసిసిపీ."

"ఇది మిసిసిపీ చట్టమేనండీ." ఆమె సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఏ ఏ నేరాలకి ఓటు పోతుందో ఆ జాబితా. హోజియా కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని వేలు పెట్టి దిగుతూ పోయాడు. హత్య, లంచం, దొంగతనం, ఇల్లు తగలబెట్టడం, అబద్ధపు సాక్ష్యం, దొంగ సంతకం. అడుగుదాకా వెళ్ళి మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు. చొరబాటు లేదు.

"దొంగతనం ఉందే! చొరబాటు లేకపోవడమేమిటి?"

"తమాషాగానే ఉంటుంది. దొంగిలిస్తే ఓటు పోతుంది. దొంగిలించడానికి తలుపు పగలగొడితే పోదు. మత్తుమందు కేసులకీ పోదు. పద్దెనిమిది వందల తొంభైలో రాసిన జాబితాలో చొరబాటు ఉండేది. పంతొమ్మిది వందల యాభైలో తీసేశారు."

"నేను పుట్టకముందే," అన్నాడు హోజియా.

మిస్ బ్రాంట్ చటుక్కున తలెత్తింది. అతను తాళం చేతిలోకి తీసుకున్నాడు. రెండు, ఐదు, ఆరు, ఎనిమిది. లాగగానే ఊడి వచ్చింది. ఆ బడిలో అతను తెరవని తాళం లేదు. తెరుచుకోకుండా ఉంటే బాగుండునని అనుకున్నది మాత్రం ఇదొక్కటే.

"పేరు రాయించుకోడానికి గడువెప్పుడమ్మా?"

"ఎన్నికకి ముప్పై రోజుల ముందు. మూడు వారాల కిందటే అయిపోయింది. ఎవరికి మిస్టర్ టాలివర్?"

"మా బావమరిదికి," అని చీపురు తీసుకున్నాడు.

శుక్రవారం రెండో పీరియడ్లో ఆట. కొక్కెం ఎక్కడైనా ఇరుక్కుంటే తీయడానికి మీరుండాలని హోజియాని పిలిచారు. తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆరుగురేసి జట్టు. అతని మనవరాలు జొనెల్ మొదటి జట్టులో ఉంది. పదమూడేళ్ళది, జడల చివర నీలం పూసలు, నోరు ఊరంత. తాతని చూసి చూడనట్టు నటించి, వెనక్కి పెట్టుకున్న చేత్తో రెండు వేళ్ళు ఊపింది.

ఆ జట్టు మూడు తాళాలు పన్నెండు నిమిషాల్లో ఊడదీసింది. నాలుగోదాని దగ్గర అందరూ ఒకరిమీద ఒకరు పడ్డారు.

"మూడే వస్తున్నాయే!"

"ఆరు పెట్టండి," అంది జొనెల్ జాబితా చూస్తూ. "ఇందులో చొరబాటు లేదు."

కోల్బీ అనే కుర్రవాడు మొహం చిట్లించాడు. "జైలు పక్షికి ఓటేంటి? మా నాన్న చెప్పాడు, ఒక్కసారి లోపలికెళ్తే ఇక జన్మలో లేదని."

"మీ నాన్న చెబితే చట్టమైపోద్దా? మీ నాన్నేమన్నా గవర్నరా?"

"అలాంటివాడు ఓటేస్తే నేను ఆ లైన్లో నిలబడను."

"నిలబడకు. లైను తగ్గుద్ది." జొనెల్ తాళం లాక్కుని అంకెలు తిప్పింది. టక్కుమంది. జట్టంతా బల్లలు చరిచారు. పెట్టెలో చాక్లెట్లు, 'నేను ఓటేశాను' అని రాసిన గుండ్రటి స్టిక్కర్ల చుట్ట ఒకటి ఉన్నాయి. తలా ఒకటి చొక్కాకి అతికించుకున్నారు.

"ఉత్త స్టిక్కరేనా?" అన్నాడు కోల్బీ.

"ఉత్తదంటావేంటి? మా ఫ్రిజ్ మీద పదకొండున్నాయి," అంది జొనెల్ గొంతు పెంచి. "మా తాత ఒక్క ఎలక్షన్ కూడా వదలడు. పోలింగ్ రోజున ఊళ్ళో అందరికంటే ముందు వెళ్ళేది మా తాతే. అడుగు కావాలంటే, అక్కడే ఉన్నాడుగా!"

గదిలో అన్ని తలలూ తలుపు వైపు తిరిగాయి. హోజియా కొక్కెం వైపు చూశాడు. అందరికంటే ముందు వెళ్ళేది తనే, నిజమే. తెల్లవారుజామున అయిదింటికి, పోలింగ్ జరిగే బడి జిమ్ తలుపు తెరిచి, ఓటు బల్లల కాళ్ళు విప్పి, యంత్రాల తీగలు నేలకి అంటించి, జెండా పైకెత్తేది తనే. మిస్ బ్రాంట్ అతని మొహం చూసింది. బావమరిది ఎవరో ఆమెకి అప్పుడు తెలిసింది.

"టైమైంది, తర్వాతి జట్టు," అంది గబగబా.

సాయంత్రం ట్రక్కులో జొనెల్ దారి పొడుగునా వాగుతూనే ఉంది. వాళ్ళ రోడ్డు మీది వంతెన బళ్ళకి మూసేసి నాలుగేళ్ళు. తొమ్మిది మైళ్ళు చుట్టు తిరిగి ఇల్లు చేరాలి. పొద్దున హోజియా బడి తెరవడానికి చీకట్లోనే వెళ్ళిపోతాడు గనక ఆ పిల్ల మైలున్నర నడిచి వంతెన దాటి అవతలి గట్టున బస్సెక్కుతుంది. వంతెన బాగుచేయించవలసిన కౌంటీ సూపర్వైజరు, ఆ పక్కకి ఎన్నికైన జిల్లా సభ్యుడిలాంటివాడు, కిందటిసారి పందొమ్మిది ఓట్లతో నెగ్గి, నాలుగేళ్ళుగా ఆ వంక చూడలేదు. ఈసారి అతని మీద నిలబడ్డ ఆవిడ ముందు వంతెనే అంటోంది.

"ఈసారి ఆవిడకేగా వేస్తున్నావు తాతా?"

హోజియా ఇంటి ముందు ట్రక్కు ఆపాడు. ఇంజను ఆపాడు. తాళంచెవి తియ్యలేదు.

"జొనెల్, ఆ ఆరో కార్డు నేనే."

"అంటే?"

"నాకు ఓటు లేదు. ఎప్పుడూ లేదు. లేదనుకున్నా."

పూసలు చప్పుడు చేశాయి. అతను ముందు అద్దంలోంచి వాకిట్లోకి చూస్తూ చెప్పుకుపోయాడు. "ఎనభై అయిదులో జైల్నుంచి వచ్చి కచేరీకి వెళ్ళా. ఫారం మీద పేరు రాశా. ఎప్పుడైనా శిక్ష పడిందా అని అడిగింది కౌంటరు దగ్గరావిడ. అబద్ధమెందుకని ఉన్నది చెప్పా. ఫారం నాలుగు మడతలు పెట్టి బుట్టలో వేసేసింది. 'నీలాంటివాళ్ళకి ఉండదు హోజియా' అంది. మంచిగానే అంది. కసిరినా బాగుండేది, ఎదురు తిరిగి ఉందును."

"ఎవరావిడ?"

"మిస్ ఆర్లీన్."

"ఎలక్షన్‌కి కేకు తెస్తుంది, ఆ మిస్ ఆర్లీనా?"

"ఆవిడే. రిటైరయ్యాక బూత్ అధికారిగా వస్తోంది. బల్లలు వేసినందుకు నాకూ ఒక స్టిక్కర్ పెడుతుంది. నువ్వు చిన్నప్పుడు అది చూసి చప్పట్లు కొట్టావు. నేనూ ఊరుకున్నా."

"ముప్పై ఎనిమిదేళ్ళు తాతా!" పిల్ల గొంతు కీచుమంది. "మళ్ళీ ఒక్కసారి అడగలేదా? ఎవర్నీ?"

"అడగడానికి వెళ్ళినచోటే చెప్పారు కదమ్మా. ఇంకెక్కడ అడగను?"

ఆమె దిగి తలుపు ధడాలున వేసింది. హోజియా లోపలికి వెళ్ళేసరికి ఫ్రిజ్ దగ్గర నిలబడి స్టిక్కర్లని గోళ్ళతో గీకుతోంది. కొన్ని సాఫీగా వచ్చాయి. పాతవి సగం చిరిగి తెల్ల మచ్చలుగా మిగిలాయి. కిందపడ్డ ముక్కలు అతను ఏరి చెత్తబుట్టలో వేశాడు. ఆ మచ్చలు శని, ఆదివారాలు ఇద్దరి మధ్యా అలాగే ఉన్నాయి.

సోమవారం భోజనాల విరామంలో హోజియా కచేరీకి వెళ్ళాడు. అదే కౌంటరు, పైన చెక్క మాత్రం కొత్తది. చెవికి పోగు పెట్టుకున్న కుర్ర గుమాస్తా ఒక కాగితం జరిపాడు. హోజియా పేరు, పుట్టినరోజు, చిరునామా రాశాడు. నేరాల గడి దగ్గర ఆగి, "చొరబాటు," అన్నాడు.

"అది జాబితాలో లేదండీ. ఇక్కడ సంతకం పెట్టండి."

"అంతేనా?"

"అంతే. రేపటికి మాత్రం కుదరదు. వచ్చే ఎన్నిక నుంచి."

గోడ గడియారం చూశాడు. నాలుగు నిమిషాలు పట్టింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని సాండ్‌విచ్ విప్పాడు. తినబుద్ధి కాక మళ్ళీ చుట్టేశాడు.

మంగళవారం తెల్లవారుజామున ఎప్పటిలాగే జిమ్ తెరిచాడు. పన్నెండు బల్లలు, ఒక్కోదానికి నాలుగు కాళ్ళు, మధ్యలో అడ్డం పెట్టే అట్టలు. మిస్ ఆర్లీన్ ఆరింటికి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, తెల్ల జుట్టు ఒక్క వెంట్రుక చెదరకుండా దువ్వుకుని, చేతిలో రేకు కాగితం చుట్టిన కేకు.

"నువ్వు లేకపోతే ఈ కౌంటీలో ఎన్నికలే జరగవు హోజియా!" ఏటా అనే మాటే.

ఏడింటికి తలుపులు తెరిచారు. మొదటి గంట రద్దీ తగ్గాక ఆవిడ చుట్టలోంచి ఒక స్టిక్కర్ ఊడదీసి వేలికి అంటించుకుని వచ్చింది. "ఏదీ, ఇటు తిరుగు."

హోజియా ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దమ్మా."

"ఏమైంది? ఏటా పెడతానుగా."

"ఎనభై అయిదులో నేను మీ కౌంటరు దగ్గరికి వచ్చాను మిస్ ఆర్లీన్. ఫారం నింపాను. చొరబాటు కేసన్నాను. మీరు బుట్టలో వేశారు."

ఆవిడ కళ్ళు చిట్లించింది. "ఎనభై అయిదా! నాకెలా గుర్తుంటుందయ్యా?"

"చొరబాటుకి ఓటు పోదు. అప్పుడూ పోదు. నేను పుట్టకముందే తీసేశారట. నిన్న రాయించుకొచ్చాను. నాలుగు నిమిషాలు పట్టింది."

మిస్ ఆర్లీన్ మొహం ఎర్రబడలేదు, పాలిపోలేదు. వేలి మీది స్టిక్కర్ ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. "మాకెవరూ చెప్పలేదు హోజియా. జైలుకెళ్ళినవాళ్ళకి లేదనే మేము నేర్చుకున్నాం. ఎంతమంది వచ్చేవారో! అందరికీ అదే చెప్పేదాన్ని. మర్యాదగానే చెప్పేదాన్ని, అది మాత్రం నువ్వు కాదనలేవు. ఒక్కడూ మళ్ళీ వచ్చి అడగలేదు. నువ్వయినా అడగవలసింది."

హోజియా కదిలిన అట్ట ఒకటి సరిగా నిలబెట్టాడు.

"కేకు తిను. ఈసారి నిమ్మకాయ వేశాను," అని స్టిక్కర్‌ని బల్ల అంచుకి అంటించి, వరసలో నిలబడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

పగలంతా అతను చెత్తబుట్టలు మార్చాడు, వాన బురద తుడిచాడు, చేతికర్రలతో వచ్చిన ముసలివాళ్ళకి తలుపు పట్టుకున్నాడు. ఎంతమంది వచ్చేవారో అన్న మాట మాత్రం చెవిలోంచి పోలేదు. ఇన్నాళ్ళూ అది తన ఒక్కడి మొహాన కొట్టిన తలుపనుకున్నాడు. తన తప్పుకి తన శిక్ష అనుకుని నోరు మూసుకున్నాడు.

ఏడింటికి తలుపులు మూశారు. యంత్రంలోంచి పొడుగాటి చీటీ వచ్చింది. దాన్ని జిమ్ తలుపుకి అతికించే పని కూడా హోజియాదే. నాలుగు మూలలా టేపు వేసి, సూపర్వైజరు పేరు దగ్గరికి వేలు తెచ్చాడు. వంతెన వంక చూడనివాడే పద్నాలుగు ఓట్లతో ముందున్నాడు. మిగతా బూత్‌ల చీటీలు అప్పటికే ఫోనులో చదివి చెప్పారు. అక్కడ ఇద్దరూ సమంగానే ఉన్నారు. తేడా అంతా ఇక్కడే.

లోపలికి వచ్చి బల్లలు మడవడం మొదలుపెట్టాడు. మంగలి దుకాణంలో ఎన్నికల మాట రాగానే, మనకి లేదుగా అని పేపరు తిప్పేసే మొహాలు ఒక్కొక్కటే వచ్చాయి. చొరబాటు కేసు రూఫస్. రంపపుమిల్లు ఎల్బర్ట్, మత్తు పొట్లం. అతని తమ్ముడు. సిలాస్, అతనితోబాటు దొరికిన ఇద్దరూ. నిజంగానే తన బావమరిది. చర్చిలో పాడే ఎజ్రా. ఒక్కొక్కడూ వంతెన ఇవతలివాడే. పద్నాలుగో పేరు తగిలేసరికి ఇంకా అయిదు బల్లలు మడవవలసి ఉంది. పేర్లు ఆగలేదు.

ఆఖరి బల్ల అంచున స్టిక్కర్ అలాగే ఉంది. జేబులోంచి చాకు తీసి గీకాడు. జిగురు వదలకపోతే గుడ్డ తడిపి మచ్చ లేకుండా తుడిచాడు. మిస్ ఆర్లీన్ కేకు పళ్ళెం తీసుకుని చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది.

జొనెల్ బడి లైబ్రరీ మూసేశాక ట్రక్కులోనే కూర్చుని ఉంది. శుక్రవారం నుంచీ సరిగ్గా మాట్లాడని పిల్ల, తాత చొక్కా వంక చూసింది. స్టిక్కర్ లేదు. పక్క సీటు మీంచి తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరు గెలిచారు తాతా?"

"మిస్ ఆర్లీన్," అన్నాడు హోజియా.

వంతెన దగ్గర అడ్డంగా పెట్టిన పసుపు పలక మీద దీపాలు పడ్డాయి. హోజియా ట్రక్కు తిప్పి తొమ్మిది మైళ్ళ దారి పట్టాడు.